కోడింగ్ ఇంటర్వ్యూకి ఎలా ప్రిపేర్ అవ్వాలి: ఖాళీ ఎడిటర్, నడిచే టైమర్, నోరు విప్పిన సాధన

“మూడు వందల ప్రాబ్లమ్స్ చేశాను. అయినా ఇంటర్వ్యూలో కూర్చుంటే చేతులు ఆడటం లేదు. ఇంకెన్ని చేయాలి?” సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు తయారవుతున్నవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఏ భాష ఎంచుకోవాలని కొందరు, సిస్టమ్ డిజైన్ (పెద్ద సర్వీస్‌ను ఎలా కట్టాలో ఆలోచించడం) ఎక్కడ మొదలుపెట్టాలని ఇంకొందరు అడుగుతుంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చాలామందిలో లోపం తెలివిలో లేదు, చదువులోనూ లేదు. సాధన చేసే తీరులో ఉంది. ప్రాబ్లమ్ చదువుతారు, పది నిమిషాలు చూస్తారు, సొల్యూషన్ తెరుస్తారు, “ఓహో, ఇంతేనా” అనుకుని తర్వాతి దానికి వెళ్లిపోతారు. ఇదంతా మౌనంగా, ఒంటరిగా, టైమ్ లెక్క లేకుండా జరుగుతుంది. ఇంటర్వ్యూలో మాత్రం ఎదురుగా ఒక మనిషి ఉంటారు, గడియారం నడుస్తుంటుంది, మాట్లాడుతూనే రాయాలి. ఒడ్డున కూర్చుని ఈత చూసినవాళ్లు నీళ్లలో దిగితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. అందుకే కింద చెప్పే అన్ని అడుగుల్లోనూ ఒకే విషయం మీద పట్టుబడతాను: అక్కడ ఎలా చేయాలో సాధనలోనూ అలాగే చేయండి.

కావలసినవి

- రోజుకు గంటన్నర, ఆరు నుంచి ఎనిమిది వారాలు. సెలవు రోజున ఎనిమిది గంటలు కూర్చుని మిగతా వారమంతా వదిలేసేకంటే రోజూ గంటన్నర కూర్చోవడం మేలు.
- ఒకే ఒక్క ప్రోగ్రామింగ్ భాష.
- ఆటోకంప్లీట్ లేని ఎడిటర్. మామూలు నోట్‌ప్యాడ్ చాలు.
- లీట్‌కోడ్, హ్యాకర్‌ర్యాంక్ లాంటి కోడింగ్ సాధన సైట్‌లో ఉచిత అకౌంట్. డబ్బు కట్టి తీసుకునే కోర్సు తప్పనిసరి కాదు.
- ఫోన్. టైమర్‌కీ, మీ గొంతు రికార్డు చేయడానికీ.
- తప్పులు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు.
- వారానికి ఒకసారి గంటసేపు మీ ఎదురుగా కూర్చునే మనిషి. డెవలపరే కానక్కర్లేదు.

1. ఏ పరీక్షకు వెళ్తున్నారో ముందు తెలుసుకోండి

ఇంటర్వ్యూ ఖరారు కాగానే రిక్రూటర్‌ను నేరుగా అడగండి: మొత్తం ఎన్ని రౌండ్లు? ఒక్కో రౌండ్ ఎంతసేపు? కోడ్ రన్ చేయాలా, రాసి చూపిస్తే చాలా? ఏ ఎడిటర్? ఏ భాషైనా ఫర్వాలేదా? సిస్టమ్ డిజైన్ ఉంటుందా? ఏఐ టూల్స్ వాడొచ్చా, వాడకూడదా? ఇవి అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. వాళ్లకు ఇవి రోజూ వినే ప్రశ్నలే, చాలామంది సంతోషంగానే చెప్తారు.

సాధారణంగా ముందు ఆన్‌లైన్ టెస్టో ఫోన్ రౌండో ఉంటుంది. తర్వాత 45 నుంచి 60 నిమిషాల కోడింగ్ రౌండ్లు ఒకటి రెండు, అనుభవం ఉన్నవాళ్లకు డిజైన్ రౌండ్, చివర మేనేజర్‌తో మాటలు. కొన్ని కంపెనీలు ఆల్గరిథమ్స్ పక్కనపెట్టి, తప్పులున్న కోడ్ ఇచ్చి సరిచేయమంటాయి, లేదంటే చిన్న అప్లికేషన్ కట్టి పంపమంటాయి. అలాంటి చోటికి వెళ్తూ డైనమిక్ ప్రోగ్రామింగ్ (చిన్న భాగాల జవాబులు దాచుకుని పెద్ద జవాబు కట్టే పద్ధతి) మీద నెల రోజులు పెడితే ఆ శ్రమ వృథా. కాబట్టి అడగకుండా ప్రిపరేషన్ మొదలుపెట్టకండి.

2. ఒక భాష తీసుకుని దాని మూలమూలలూ తెలుసుకోండి

ఏ భాషలో చేయి తిరిగి ఉందో అదే తీసుకోండి. ఇంటర్వ్యూ కోసమని కొత్త భాష నేర్చుకోవడం చాలామందికి నష్టమే. కోడ్ పొట్టిగా ఉంటుందని పైథాన్ వైపు వెళ్తుంటారు కానీ, రోజూ జావా రాసేవాళ్లు పైథాన్‌లో తడబడితే ఆ లాభమంతా అక్కడే పోతుంది.

భాష వచ్చని అనుకోవడం వేరు, దానిలోని గోతులు తెలియడం వేరు. మీ భాషలో కనీసం ఇలాంటివి తెలిసి ఉండాలి:

- పైథాన్‌లో లిస్ట్ మొదటి ఎలిమెంట్‌ను పాప్ చేస్తే వెనక ఉన్నవన్నీ ఒక్కో స్థానం ముందుకు జరగాలి. పెద్ద క్యూకి లిస్ట్ వాడితే ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది. అక్కడ డెక్ (రెండు చివర్లనుంచీ తీయగలిగే క్యూ) వాడండి. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) లోతు కూడా మామూలుగా 1000 దగ్గర ఆగిపోతుంది.
- జావాలో లూప్ లోపల స్ట్రింగ్‌లను ప్లస్‌తో కలుపుతూ పోతే ప్రతిసారీ కొత్త స్ట్రింగ్ తయారవుతుంది. స్ట్రింగ్‌బిల్డర్ వాడండి. రెండు ఇంటీజర్ ఆబ్జెక్టులను డబుల్ ఈక్వల్స్‌తో పోల్చకండి. మామూలుగా -128 నుంచి 127 వరకు సరిగ్గానే ఉన్నట్టు కనిపించి, 128 దగ్గర ముంచుతుంది.
- జావాస్క్రిప్ట్‌లో 10, 9, 1 అనే అరేను (వరసగా విలువలు ఉంచే జాబితాను) ఊరికే సార్ట్ చేస్తే 1, 10, 9 వస్తుంది. ఏ ఫంక్షనూ ఇవ్వకపోతే అది నంబర్లను అక్షరాల్లా పోలుస్తుంది మరి.
- సీ ప్లస్ ప్లస్‌లో ఖాళీ వెక్టర్ సైజ్‌లోంచి నేరుగా 1 తీసేస్తే -1 రాదు, బ్రహ్మాండమైన పెద్ద సంఖ్య వస్తుంది. ఎందుకంటే సైజ్‌కి మైనస్ అంటే తెలియదు.

చెక్ చేసుకోవడం: ఖాళీ నోట్‌ప్యాడ్‌లో, ఎక్కడా వెతక్కుండా ఇవి రాయండి. హ్యాష్ మ్యాప్‌లో (పేరు ఇస్తే దాని విలువ వెంటనే ఇచ్చే పట్టికలో) లెక్కపెట్టడం, ఒక ఆబ్జెక్ట్ లిస్ట్‌ను రెండు ఫీల్డ్‌ల ఆధారంగా సార్ట్ చేయడం, క్యూ, స్టాక్, హీప్ వాడకం, స్ట్రింగ్‌ను విడగొట్టి మళ్లీ కలపడం. తర్వాత కంపైలర్‌లో పెట్టి చూడండి. మొదటిసారే రన్ అయ్యేవరకు మూడో అడుగుకు వెళ్లొద్దు.

3. పునాదులు వారంలో ముగించండి

అరే, స్ట్రింగ్, హ్యాష్ మ్యాప్, లింక్‌డ్ లిస్ట్, స్టాక్, క్యూ, ట్రీ, హీప్, గ్రాఫ్. ఒక్కోదానిలో ఇన్సర్ట్, సెర్చ్, డిలీట్‌కి ఎంత టైమ్ పడుతుందో, ఎందుకు పడుతుందో చెప్పగలిగితే చాలు. రెడ్ బ్లాక్ ట్రీని చేత్తో రాయమని దాదాపు ఎవరూ అడగరు, దాని జోలికి పోకండి. మెర్జ్ సార్ట్, బైనరీ సెర్చ్, బీఎఫ్ఎస్ (గ్రాఫ్‌ను పొరలు పొరలుగా వెతకడం), డీఎఫ్ఎస్ (ఒక దారిని చివరిదాకా పట్టుకుని వెతకడం) మాత్రం నిద్రలో లేపి అడిగినా రాయగలగాలి.

బైనరీ సెర్చ్ తేలికే అనుకోకండి. జావా లైబ్రరీలో ఉన్న బైనరీ సెర్చ్‌లోనే ఒక తప్పు ఏళ్ల తరబడి దాగి ఉండి 2006లో బయటికొచ్చింది. వెతికే భాగం మొదలు ‘లో’, చివర ‘హై’ అనుకోండి. ఆ రెండింటినీ కలిపి రెండుతో భాగిస్తే, అరే చాలా పెద్దదైనప్పుడు ఆ కూడిక ఇంటీజర్‌లో పట్టే గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647 దాటి మైనస్‌లోకి వెళ్లిపోతుంది. ‘హై’లోంచి ‘లో’ను తీసేసి, సగం చేసి, దాన్ని ‘లో’కి కలిపితే ఆ ఇబ్బంది ఉండదు. ఈ ఒక్క లైన్ సరిగ్గా రాసి, ఎందుకలా రాశారో చెప్తే ఎదుటివాళ్లు గమనిస్తారు.

4. ఒక్కో ప్రాబ్లమ్‌ను ఈ వరసలోనే చేయండి

మొత్తం ప్రిపరేషన్‌కి ఆయువుపట్టు ఈ అడుగే. ఒక నిజమైన ప్రశ్న తీసుకుని చూద్దాం: “ఒక స్ట్రింగ్ ఇచ్చారు. అందులో ఏ అక్షరమూ రెండోసారి రాకుండా ఉండే అతి పొడవైన వరస భాగం ఎంత?”

*మొదట ప్రశ్నలు అడగండి.* భాగం వరసగానే ఉండాలా, మధ్యలో అక్షరాలు వదిలేయొచ్చా? క్యాపిటల్, స్మాల్ అక్షరాలు వేర్వేరా? ఖాళీ స్ట్రింగ్ రావొచ్చా, వస్తే సున్నా ఇవ్వనా? పొడవు గరిష్ఠంగా ఎంత? వీటికి జవాబులు తెలియకుండా కోడ్ మొదలుపెట్టడమే నేను చూసిన తప్పుల్లో మొదటి స్థానంలో ఉంటుంది. కొందరు ఇంటర్వ్యూయర్లు ప్రశ్నను కావాలనే అసంపూర్ణంగా ఇస్తారు, మీరు అడుగుతారా లేదా అని చూడటానికి.

*రెండు, ఒక ఉదాహరణ చేత్తో చేయండి.* ‘ఏ బీ సీ ఏ బీ సీ బీ బీ’ తీసుకుంటే జవాబు 3. ఇది బయటికి చెప్పి, “నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?” అని అడగండి.

*మూడు, మొరటు పద్ధతి చెప్పండి.* ప్రతి మొదలు, ప్రతి చివర తీసుకుని మధ్యలో రిపీట్ ఉందో లేదో చూడొచ్చు. స్ట్రింగ్ పొడవు ఎన్ అనుకుంటే టైమ్ ఎన్ క్యూబ్, అంటే ఎన్ × ఎన్ × ఎన్ పనులు. ఇది చెప్పడానికి సిగ్గుపడొద్దు. మొరటు పద్ధతి చెప్పినవాళ్ల చేతిలో ఒక జవాబు ఉంటుంది. నేరుగా గొప్ప జవాబు కోసం మౌనంగా ఇరవై నిమిషాలు కూర్చున్నవాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

*నాలుగు, ఇన్‌పుట్ సైజ్ చూసి ఎంత వేగం కావాలో లెక్కేయండి.* సెకనుకు సుమారు పది కోట్ల చిన్న పనులు జరుగుతాయనే మోటు లెక్క చాలు. పైథాన్‌లో ఇంకా తక్కువ అనుకోండి.

- ఎన్ 10 వరకు ఉంటే అన్ని అమరికలూ వేసి చూడొచ్చు. 10 ఫ్యాక్టోరియల్ 36 లక్షల పైచిలుకే.
- 20 వరకు ఉంటే అన్ని సబ్‌సెట్లూ చూడొచ్చు. అవి పది లక్షలు దాటతాయంతే.
- 500 అయితే ఎన్ క్యూబ్ అంచుకు వస్తుంది, 12.5 కోట్లు.
- 5,000 అయితే ఎన్ స్క్వేర్ నడుస్తుంది, 2.5 కోట్లు.
- లక్ష దాటితే ఎన్ లాగ్ ఎన్ (ఎన్ కంటే కొద్ది రెట్లు ఎక్కువ) లేదా ఎన్ ఒక్కటే దారి.

మన ప్రశ్నలో పొడవు లక్ష అన్నారనుకోండి. ఎన్ స్క్వేర్ అంటే వెయ్యి కోట్లు, కుదరదు. అంటే స్ట్రింగ్ మీద ఒక్కసారి నడిచి ముగించాలి. ఏ పద్ధతి వాడాలో తట్టకపోయినా, ఏవి పనికిరావో ఈ లెక్కే చెప్పేస్తుంది.

*ఐదు, మంచి పద్ధతిని కోడ్ రాయకముందే మాటల్లో చెప్పండి.* “ఎడమ, కుడి అని రెండు గుర్తులు పెడతాను. ప్రతి అక్షరం చివరిసారి ఎక్కడ కనిపించిందో మ్యాప్‌లో ఉంచుతాను. అక్షరం మళ్లీ కనిపిస్తే ఎడమ గుర్తును దాని పాత స్థానం తర్వాతికి జరుపుతాను.” ఇంటర్వ్యూయర్ తల ఊపాకే కీబోర్డు మీద చేయి వేయండి. ఈ దశలో తప్పు దొరికితే ఒక వాక్యం మారుతుంది. కోడ్ రాశాక దొరికితే పావుగంట పోతుంది.

*ఆరు, రాయండి.* ఐ, జే, కే కాకుండా అర్థమయ్యే పేర్లు పెట్టండి. చిన్న పనులను వేరే ఫంక్షన్‌గా అనుకుని “ఇది తర్వాత రాస్తాను” అని చెప్పి ముందుకు వెళ్లండి.

*ఏడు, రన్ కొట్టకముందే కళ్లతో నడపండి.* ఇక్కడే అసలు తేడా తెలుస్తుంది. పై కోడ్‌కి ‘ఏ బీ బీ ఏ’ ఇవ్వండి. మూడో అక్షరం బీ రిపీట్ అయింది కాబట్టి ఎడమ గుర్తు మూడో స్థానానికి వచ్చింది. నాలుగో అక్షరం ఏ. మ్యాప్‌లో దాని పాత స్థానం ఒకటి, కాబట్టి ఎడమ గుర్తు రెండో స్థానానికి వెళ్లింది. వెనక్కి జరిగింది! ఇప్పుడు కోడ్ ‘బీ బీ ఏ’ని లెక్కేసి 3 అంటుంది, సరైన జవాబు 2. ఎడమ గుర్తు ఎప్పుడూ వెనక్కి పోకూడదు, అందుకే పాత ఎడమ, కొత్త స్థానం రెండింటిలో పెద్దది తీసుకోవాలి. ‘ఏ బీ సీ ఏ బీ సీ బీ బీ’తో మాత్రమే టెస్ట్ చేసినవాళ్లకు ఈ తప్పు దొరకదు. అందుకే టెస్టులు మీరే తయారుచేసుకోండి: ఖాళీ, ఒకే ఎలిమెంట్, అన్నీ ఒకటే, ఏదీ రిపీట్ కానిది, ముందుకూ వెనక్కూ ఒకేలా ఉండేది.

45 నిమిషాల రౌండ్‌లో ఇదంతా పట్టాలంటే పంపకం సుమారుగా ఇలా ఉండాలి: పరిచయానికి 5, ప్రశ్న అర్థం చేసుకోవడానికి 5, పద్ధతి చెప్పడానికి 10, కోడ్‌కి 15, టెస్టింగ్‌కి 5, మీరు అడిగే ప్రశ్నలకు 5. సాధనలో టైమర్ పెట్టి ఈ లెక్కలోనే చేయండి.

*చిక్కుకుపోతే?* అరగంట వరకు సొంతంగా కొట్టుకోండి. అప్పటికీ దారి దొరక్కపోతే హింట్ మాత్రమే చూడండి. పూర్తి సొల్యూషన్ చూడాల్సి వస్తే చూడండి, తప్పేం లేదు. చూశాక దాన్ని మూసేసి, ఖాళీ ఎడిటర్‌లో మీ చేత్తో రాయండి. మర్నాడు మళ్లీ, మూడు రోజులకు మళ్లీ, వారానికి మళ్లీ. చూసి అర్థమైన ప్రాబ్లమ్ చేసినట్టు కాదు. వారం తర్వాత చూడకుండా రాయగలిగిందే చేసినట్టు.

5. ప్రాబ్లమ్‌లను ప్యాటర్న్ వారీగా చేయండి

యాదృచ్ఛికంగా మూడు వందలు చేసేకంటే, ఒక్కో ప్యాటర్న్‌లో పది చొప్పున వంద చేయడం మేలని నా గట్టి నమ్మకం. హ్యాష్ మ్యాప్, టూ పాయింటర్స్, స్లైడింగ్ విండో (నాలుగో అడుగులో ఎడమ, కుడి గుర్తులతో చేసింది ఇదే), స్టాక్, బైనరీ సెర్చ్, ట్రీలు, గ్రాఫ్‌లు, హీప్, బ్యాక్‌ట్రాకింగ్, చివరికి డైనమిక్ ప్రోగ్రామింగ్. ఈ వరస బాగా పనిచేస్తుంది. డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో మొదలుపెట్టి మూడో రోజే చేతులెత్తేసేవాళ్లు చాలామంది ఉన్నారు, దాన్ని చివరికే ఉంచండి. అక్కడికి వచ్చాక కూడా నేరుగా టేబుల్ గీయకండి. ముందు మామూలు రికర్షన్ రాయండి, తర్వాత మెమో (ఒకసారి లెక్కేసిన జవాబు దాచుకోవడం) కలపండి, అది నడిచాకే టేబుల్ సంగతి.

ప్రశ్నలోని మాటలే ప్యాటర్న్‌ను పట్టిస్తాయి. “సార్ట్ అయిన అరే” అంటే బైనరీ సెర్చ్ లేదా టూ పాయింటర్స్. “వరసగా ఉన్న భాగం” అంటే స్లైడింగ్ విండో. “అతి తక్కువ అడుగుల్లో” అని ఉండి, అన్ని అడుగుల ఖర్చూ ఒకటే అయితే బీఎఫ్ఎస్. “అన్నిటికంటే పెద్ద కె నంబర్లు” అంటే హీప్. “ఇది అయ్యాకే అది చేయాలి” అంటే టోపలాజికల్ సార్ట్. “అన్ని కాంబినేషన్లూ ఇవ్వు” అంటే బ్యాక్‌ట్రాకింగ్. “ఎన్ని రకాలుగా చేయొచ్చు” అంటే చాలాసార్లు డైనమిక్ ప్రోగ్రామింగ్.

జాగ్రత్త: ఈ గుర్తులు దారి చూపిస్తాయే తప్ప గ్యారంటీ ఇవ్వవు. “మొత్తం కె వచ్చే వరస భాగాలు ఎన్ని?” అన్న ప్రశ్న చూడగానే చాలామంది స్లైడింగ్ విండో అంటారు. నంబర్లలో మైనస్‌లు ఉంటే అది పనిచేయదు. విండో పెంచితే మొత్తం పెరుగుతుందన్న నమ్మకం మీద నడిచే పద్ధతి అది, మైనస్ ఆ నమ్మకాన్ని చెడగొడుతుంది. అక్కడ ప్రిఫిక్స్ సమ్ (మొదటి నుంచి అక్కడివరకు కూడిన మొత్తం), హ్యాష్ మ్యాప్ కావాలి. అలాగే దారి ఖర్చుల్లో మైనస్ ఉంటే డైక్‌స్ట్రా (తక్కువ ఖర్చు దారి వెతికే ఆల్గరిథమ్) తప్పు జవాబు ఇవ్వొచ్చు. కాబట్టి ఒక్కో ప్యాటర్న్ పక్కన “ఎప్పుడు పనిచేయదు” అని ఒక లైన్ రాసుకోండి. ఇంటర్వ్యూయర్ తర్వాతి ప్రశ్న చాలాసార్లు ఆ లైన్‌లోంచే వస్తుంది.

6. తప్పుల నోటు

ప్రతి ప్రాబ్లమ్ తర్వాత మూడు లైన్లు చాలు: ప్రాబ్లమ్ పేరు, ఎక్కడ ఆగిపోయాను, ఎందుకు ఆగిపోయాను. ‘ఎందుకు’ అన్నది ఖచ్చితంగా ఉండాలి. “సరిగ్గా ఆలోచించలేదు” అని రాస్తే పనికిరాదు. “లూప్ చివరి ఎలిమెంట్‌ను వదిలేసింది, లెస్ దాన్ ఈక్వల్ బదులు లెస్ దాన్ పెట్టాను” అని రాస్తే పనికొస్తుంది.

రెండు వారాల తర్వాత ఆ పేజీలు తిరగేయండి. తప్పులు వందల రకాలుగా ఉండవు, అవే నాలుగైదు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ప్రశ్న సగమే చదవడం, ఒకటి ఎక్కువో తక్కువో లెక్కపెట్టడం, నల్ (విలువ లేని చోటు) చూసుకోకపోవడం, రికర్షన్ ఎక్కడ ఆగాలో మర్చిపోవడం. మీవి ఏవో తేలాక, వాటినే ఒక చెక్‌లిస్ట్‌గా మార్చి కోడ్ పూర్తయిన ప్రతిసారీ చూసుకోండి.

7. మాట్లాడుతూ రాయడం సాధన చేయండి

రెండో వారం నుంచే మొదలుపెట్టండి, “అన్నీ వచ్చాక మాక్ (నమూనా ఇంటర్వ్యూ) చేస్తాను” అని వాయిదా వేయకండి. ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి, ఒక కొత్త ప్రాబ్లమ్ తీసుకుని, బయటికి మాట్లాడుతూ పరిష్కరించండి. తర్వాత వినండి. రెండు విషయాలు గమనించండి: ఒక నిమిషం దాటిన మౌనం ఎక్కడుంది, కారణం చెప్పకుండా నిర్ణయం ఎక్కడ తీసుకున్నారు.

ప్రతి లైన్‌నూ చదివి వినిపించడం మాట్లాడటం కాదు. “ఇప్పుడు ఫర్ లూప్ రాస్తున్నాను” అంటే ఎదుటివాళ్లకు కొత్తగా ఏమీ తెలియదు, అది తెర మీద కనిపిస్తూనే ఉంది. “ఇక్కడ లిస్ట్ బదులు సెట్ తీసుకుంటున్నాను, వెతకడం ఎక్కువసార్లు జరుగుతుంది కాబట్టి” అంటే తెలుస్తుంది. ఆలోచించడానికి టైమ్ కావాలంటే “ఒక నిమిషం ఆలోచించుకుంటాను” అని చెప్పి మౌనంగా ఉండండి, అది చక్కగా చెల్లుతుంది.

ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే టెన్షన్ పడేవాళ్లు ఈ రికార్డింగులు ఇంగ్లిష్‌లోనే చేయండి. వ్యాకరణం గురించి బెంగపడొద్దు. పొట్టి వాక్యాలు చాలు. ప్రాబ్లమ్ తెలుగులో ఆలోచించి చెప్పేటప్పుడు ఇంగ్లిష్‌లోకి మార్చుకునేవాళ్లకు ఆ మార్పిడికే సగం టైమ్ పోతుంది. అది సాధనతోనే తగ్గుతుంది.

మనిషితో చేసే మాక్ వారానికి ఒకటి. ఎదుటివాళ్లకు కోడింగ్ రాకపోతే సొల్యూషన్ ప్రింట్ చేసి ఇచ్చి, “నేను ఆగిపోతే ‘ఏం ఆలోచిస్తున్నావు?’ అని అడుగు” అని చెప్పండి. ఎవరూ దొరకకపోతే ఏఐ చాట్ టూల్‌ను ఇంటర్వ్యూయర్‌లా ప్రవర్తించమనండి. “జవాబు చెప్పొద్దు, ఒక్కో ప్రశ్నే అడుగు, చివర్లో నా తప్పులు చెప్పు” అని ముందే షరతు పెట్టండి. దానితో సొల్యూషన్ రాయించుకుని చదవడం మాత్రం పాత జబ్బే. ఇంటర్వ్యూలో అనుమతి లేకుండా దాన్ని చాటుగా వాడటం తప్పు. పైగా “ఈ లైన్ ఎందుకు?” అన్న ఒక్క ప్రశ్నకు దొరికిపోతారు.

8. సిస్టమ్ డిజైన్ (అనుభవం ఉన్నవాళ్లకు)

ఫ్రెషర్స్‌ను దీని గురించి అడగడం తక్కువ. మిగతావాళ్లు నాలుగైదు డిజైన్‌లు లోతుగా చేయండి. పొడవాటి లింకులను పొట్టివిగా మార్చే సర్వీస్‌తో మొదలుపెట్టడం మంచిది.

బొమ్మ గీయడానికి ముందు లెక్కలు వేయండి. రోజుకు పది లక్షల కొత్త లింకులనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు, అంటే సెకనుకు దాదాపు 12. ఒక్కో లింకు సగటున వందసార్లు తెరుస్తారనుకుంటే సెకనుకు 1,200 రీడ్స్ (చదివే రిక్వెస్టులు). ఒక్కో రికార్డు 500 బైట్లు అనుకుంటే ఐదేళ్లకు 182 కోట్ల రికార్డులు, సుమారు 900 జీబీ. పొట్టి కోడ్‌లో అంకెలు, చిన్న, పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు కలిపి 62 గుర్తులు వాడితే, ఏడు స్థానాల్లో మూడున్నర లక్షల కోట్ల కోడ్‌లు వస్తాయి. సరిపోతాయి.

ఈ అంకెలు చూశాక తేలేదేమిటి? రాసే ఒత్తిడి చాలా తక్కువ, చదివేది ఎక్కువ. కాబట్టి ముందు క్యాష్ (తరచూ అడిగేవాటిని దగ్గర ఉంచుకోవడం), రీడ్ రెప్లికాల (చదవడానికి ఉంచే డేటాబేస్ నకళ్ల) గురించి మాట్లాడాలి. మొదటి నిమిషంలోనే షార్డింగ్ (డేటాను ముక్కలుగా పంచడం), కాఫ్కా (మెసేజ్‌లు మోసే టూల్), మైక్రోసర్వీసెస్ (చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టడం) అంటూ గీతలు గీయడం ఈ రౌండ్‌లో అందరూ చేసే తప్పు. ఏది పెట్టినా “ఇది లేకపోతే ఏం విరుగుతుంది?” అన్నదానికి జవాబు మీ దగ్గర ఉండాలి. చిన్న విషయాల్లోనే అనుభవం కనిపిస్తుంది. 301 రీడైరెక్ట్ (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పేది) ఇస్తే బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుని తర్వాతిసారి మీ సర్వర్ దాకా రాకపోవచ్చు. క్లిక్కులు లెక్కపెట్టాలంటే 302 (తాత్కాలికమని చెప్పేది) మేలు. ఇలాంటిది ఒకటి చెప్తే మాటలు వేరే స్థాయికి వెళ్తాయి.

9. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష), వెబ్ బేసిక్స్

రెండు మూడు సాయంత్రాలు చాలు, కానీ వదిలేయకండి. బ్యాకెండ్ ఉద్యోగాలకు ఇవి తప్పకుండా వస్తాయి. వేర్, హ్యావింగ్ తేడా, జాయిన్ రకాలు, ఇండెక్స్ ఎప్పుడు సాయపడుతుంది, సర్వర్ ఇచ్చే ఎర్రర్ కోడ్‌లు 401కీ 403కీ తేడా, పుట్ రిక్వెస్ట్ రెండుసార్లు పంపితే ఏమవుతుంది, పోస్ట్ రెండుసార్లు పంపితే ఏమవుతుంది.

ఒక్క ప్రశ్న చేసి చూడండి: “ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది ఉద్యోగులు? ఎవరూ లేని డిపార్ట్‌మెంట్ కూడా కనిపించాలి.” లెఫ్ట్ జాయిన్ వరకు అందరూ వస్తారు. కౌంట్‌లో స్టార్ పెడితే ఎవరూ లేని డిపార్ట్‌మెంట్‌కు 1 అని వస్తుంది. ఉద్యోగి ఐడీని కౌంట్ చేస్తేనే 0 వస్తుంది. నాట్ ఇన్ లోపలి క్వెరీలో ఒక్క నల్ ఉన్నా ఒక్క రో కూడా రాదు, అది కూడా చేసి చూడండి.

10. మీ ప్రాజెక్టును చెప్పడం నేర్చుకోండి

రెజ్యూమెలో రాసిన ప్రతి లైన్ మీదా ప్రశ్న వస్తుందనే లెక్కతో ఉండండి. జవాబు చెప్పలేని టెక్నాలజీ పేరు ఉంటే ఈరోజే తీసేయండి.

రెండు ప్రాజెక్టులు ఎంచుకుని, ఒక్కోదాన్ని రెండు నిమిషాల్లో చెప్పేలా తయారవ్వండి: సమస్య ఏమిటి, నేను ఏం చేశాను, వేరే దారులు ఏమున్నాయి, ఇదే ఎందుకు, ఫలితం ఏమైంది. “మేము చేశాం” అని ఆగిపోకండి. టీమ్ పని గొప్పదే, కానీ ఉద్యోగం మీకు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లు తేల్చాలి, కాబట్టి మీ చేతి పని ఏదో విడిగా చెప్పండి. ఫలితంలో నిజమైన అంకె ఉంటే బాగుంటుంది: పేజీ నాలుగు సెకన్ల నుంచి ఒకటికి వచ్చింది, లేదా రోజూ చేత్తో చేసే పని తప్పింది. అంకె లేకపోతే కల్పించకండి. “ఎలా కొలిచారు?” అన్నది వెంటనే వచ్చే ప్రశ్న.

సహోద్యోగితో అభిప్రాయభేదం, గడువు తప్పిన పని, మీవల్ల జరిగిన పొరపాటు, ఈ మూడింటికీ ఒక్కో నిజమైన సంఘటన సిద్ధంగా ఉంచుకోండి. పాత మేనేజర్‌ను తిట్టకండి.

11. సిద్ధమయ్యారో లేదో చెక్ చేసుకోవడం

ఎన్ని ప్రాబ్లమ్స్ చేశారన్న లెక్క పక్కన పెట్టండి. ఇవి చూడండి:

- ఎప్పుడూ చూడని మీడియం స్థాయి ప్రాబ్లమ్‌లు ఐదు తీసుకుంటే, కనీసం మూడింటిని 35 నిమిషాల్లోపు, మాట్లాడుతూ, ముగించగలుగుతున్నారా?
- రన్ కొట్టకముందే మీ తప్పు మీకే దొరుకుతోందా?
- మూడు వారాల కిందట చేసిన ప్రాబ్లమ్‌ను నోటు చూడకుండా రాయగలరా?
- ఆ ఐదు ప్రాబ్లమ్‌లలో మిగతా రెండింటిలో ఆగిపోయినప్పుడు, ఎక్కడ ఆగిపోయారో ఎదుటివాళ్లకు స్పష్టంగా చెప్పగలుగుతున్నారా?

మొదటిది మాత్రమే రాకపోతే ఐదో అడుగుకు వెళ్లండి. రెండోది రాకపోతే నాలుగో అడుగు చివరి భాగానికి. నాలుగోది రాకపోతే మీకు కావలసింది మాక్‌లు, ఇంకో వంద ప్రాబ్లమ్స్ కాదు.

12. ముందురోజు, ఆ రోజు

ముందురోజు కొత్త ప్రాబ్లమ్ ముట్టుకోకండి. అది రాకపోతే ఆ బెంగతోనే నిద్ర చెడుతుంది. తప్పుల నోటు ఒకసారి చదవండి, తేలికైనవి రెండు చేయండి, పడుకోండి. ఆన్‌లైన్ అయితే మైక్, కెమెరా, స్క్రీన్ షేర్ ముందే చూసుకోండి. ఛార్జర్ పెట్టుకోండి, నోటిఫికేషన్లు ఆపేయండి. నెట్ పోతే ఫోన్ హాట్‌స్పాట్ ఉండాలి, రిక్రూటర్ నంబర్ కాగితం మీద రాసి ఉండాలి.

అక్కడ ఇంటర్వ్యూయర్ హింట్ ఇస్తే వెంటనే అందుకోండి. చాలామంది తమ పద్ధతినే పట్టుకుని వేలాడతారు. “ఇక్కడ సార్ట్ చేస్తే ఎలా ఉంటుంది?” అని అడిగారంటే ఆ వైపు చూడమని అర్థం. ఇదివరకు చేసిన ప్రాబ్లమే వస్తే “ఇది నేను చేశాను” అని చెప్పేయండి. టైమ్ అయిపోతూ కోడ్ పూర్తికాకపోతే, మిగిలింది ఏమిటో, ఎలా రాసేవారో రెండు వాక్యాల్లో చెప్పండి. దానికీ విలువ ఉంటుంది.

చివర్లో “ఏమైనా ప్రశ్నలున్నాయా?” అంటే లేవనకండి. కోడ్ రివ్యూ ఎలా జరుగుతుంది, మొదటి మూడు నెలల్లో కొత్తవాళ్ల నుంచి ఏం ఆశిస్తారు, రాత్రిపూట ఆన్‌కాల్ (సిస్టమ్ ఆగితే చూడటానికి అందుబాటులో ఉండే వంతు) ఎలా ఉంటుంది. అక్కడ పని చేయబోయేది మీరే కాబట్టి ఈ జవాబులు మీకు నిజంగా కావాలి.

13. అయిపోయాక

అరగంటలోపు ప్రశ్నలన్నీ గుర్తున్నంతవరకు మీ కోసం రాసుకోండి. గోప్యంగా ఉంచమన్నవాటిని బయట పెట్టకండి. రాని ప్రాబ్లమ్‌ను ఆ రాత్రే పూర్తిచేయండి. సెలెక్ట్ కాలేదని మెయిల్ వస్తే, “ఏ భాగంలో మెరుగుపడాలో చెప్పగలరా?” అని మర్యాదగా ఒక్క లైన్ రాయండి. అందరూ చెప్పరు, చెప్పినవాళ్ల మాట మాత్రం నోటులో ఎక్కించుకోండి. చాలా కంపెనీల్లో మళ్లీ అప్లై చేయడానికి కొన్ని నెలలు ఆగాలన్న నియమం ఉంటుంది, ఆ గడువు ఎంతో కూడా అదే మెయిల్‌లో అడగండి. బాగా కావాలనుకున్న కంపెనీని మొట్టమొదటి ఇంటర్వ్యూగా పెట్టుకోకండి. రెండు మూడు చోట్ల కూర్చున్నాక వచ్చేలా తేదీ అడిగితే, చాలాసార్లు ఇస్తారు.